నీలం డబ్బా మీద రెండు తెల్ల చుక్కలు

మొన్న కేబుళ్ల పెట్టె ఖాళీ చేస్తుంటే అట్టడుగున నా పాత కోరస్ పెడల్ చేతికి తగిలింది, కాలితో నొక్కితే గిటారు శబ్దాన్ని మార్చే డబ్బా. బాస్ అనే కంపెనీ చేసిన సీఈ-2. లేత నీలం డబ్బా, రెండే నాబ్‌లు, ఒకటి రేట్, ఒకటి డెప్త్. కాలు పెట్టే రబ్బరు నున్నగా అరిగిపోయింది, మూలల్లో రంగు పెచ్చులు లేచి లోపలి లోహం కనిపిస్తోంది. రేట్ నాబ్ చుట్టూ వైట్నర్‌తో పెట్టిన రెండు తెల్ల చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. గడియారం ముల్లుతో చెప్పాలంటే ఒకటి తొమ్మిది దగ్గర, ఇంకోటి పన్నెండు దాటాక. తొమ్మిది దగ్గరది అన్నయ్యది, పన్నెండు దాటినది నాది. పెట్టె సర్దడం అక్కడే ఆగిపోయింది, ఆ సాయంత్రమంతా ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అన్నయ్య అంటే సొంత అన్నయ్య కాదు, మా డ్రమ్మర్ వాళ్ల అన్నయ్య. నేనూ అన్నా అనే పిలిచేవాణ్ణి. ఆయన కీబోర్డ్, నేను గిటారు. పెడల్ నిజానికి ఆయనదే. అంతకుముందు ఎప్పుడో ఒకసారి ఎవరిదో జూనో-60 వాయించే అవకాశం దొరికిందట, 1982 నాటి ఆ రోలండ్ సింథసైజర్‌లో ఒక్కో స్వరానికి శబ్దం పుట్టించే ఆసిలేటర్ ఒకటే ఉంటుంది, దాని కింద మంద్రంగా మోగే సబ్ ఒకటి, అంతే, లెక్కప్రకారం పలచగా మోగాలి. కోరస్ బటన్ నొక్కగానే గది వెడల్పయినట్టు అనిపించిందని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. తన కీబోర్డ్‌లో తీగల శబ్దం, అదే వయొలిన్ల గుంపులాంటి శబ్దం, ఎండిపోయినట్టు ఉంటుందని, దానికి ఆ వెడల్పు తేవాలని, బ్యాండ్ మానేస్తున్న ఒక గిటారు అబ్బాయి దగ్గర ఈ పెడల్ తీసుకున్నాడు. తీసుకున్న రోజే నా చేతికిచ్చి, ముందు నువ్వు వాయించు, ఇది గిటారు కోసం చేసింది కదా, దాని అసలు గొంతేంటో విందాం అన్నాడు.

ఈ-మైనర్ అనే కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాలు, కొట్టి వదిలేశాను. ఆయన వంగి, చేత్తోనే పెడల్ నొక్కాడు. అప్పటిదాకా నాకు తెలిసిన పెడల్ అంటే శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ ఒక్కటే, నొక్కితే మీద పడాలి. ఇది మీద పడలేదు. అదే కార్డ్, అదే గట్టితనం, కానీ నా పక్కన ఇంకొకడు కూర్చుని అదే వాయిస్తున్నట్టు, వాడు నాకంటే రవ్వంత వెనక, శ్రుతిలో రవ్వంత అటూ ఇటూ. వదిలేసిన తీగ మామూలుగా నెమ్మదిగా చచ్చిపోతుంది, నేను చేసేదేమీ ఉండదు. ఇక్కడ ఆ చచ్చిపోయే తీగలోనే ఏదో జరుగుతూ ఉంది, ఉయ్యాల ఊగి ఊగి ఆగుతున్నట్టు. ఆ రోజు నేను పాటలేవీ వాయించలేదు. ఒక్కో కార్డ్ కొట్టడం, చివరిదాకా వినడం, మళ్లీ కొట్టడం.

లోపల ఏం జరుగుతోందో ఆయనే చెప్పాడు. మంటలు ఆర్పడానికి జనం వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటారు కదా, అలాంటి చిప్ ఒకటి ఉంటుంది, దాని పేరే బకెట్ బ్రిగేడ్ అని. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. సీఈ-2లో ఉండేది ఎంఎన్3007, అందులో 1024 మెట్లు. నీ స్వరాన్ని ముక్కలుగా ఒక్కో మెట్టు దాటిస్తూ వెళ్తే అవతలికి చేరేసరికి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం అవుతుంది. బకెట్లు అందించే వేగాన్ని ఒక నిదానమైన అల పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, దాంతో ఆలస్యం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, ఆలస్యం మారుతున్నంతసేపూ శ్రుతి కొంచెం జారుతుంది. ఆ జారే స్వరాన్ని అసలు స్వరంతో కలిపితే కోరస్. అసలు స్వరాన్ని తీసేసి జారేదాన్నే వినిపిస్తే వైబ్రాటో. ఆ అల ఎంత తొందరగా ఊగాలో చెప్పేది రేట్, ఎంత దూరం ఊగాలో చెప్పేది డెప్త్. కాగితం మీద బొమ్మ వేసి మరీ చూపించాడు. నాకు అర్థమైన మొదటి ఎలక్ట్రానిక్స్ అదే.

కీబోర్డ్‌కి పెట్టేసరికి మాత్రం గరగర. మొదటి రోజు ఆయన ముఖం చూడలేకపోయాను. పెడల్ పాడయిందనే అనుకున్నాం. తర్వాత తెలిసింది, గిటారు తీగల కదలికని పట్టే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, కీబోర్డ్ లైన్ అవుట్ దానికి ఎన్నో రెట్లు. బకెట్లు పొర్లిపోతున్నాయన్నమాట. కీబోర్డ్ వాల్యూమ్ సగానికంటే కిందకి దించి, పోయిన గట్టితనాన్ని ఆంప్ (ఆంప్లిఫయర్) దగ్గర పెంచితే శుభ్రంగా వచ్చింది, వెనక సన్నటి సుయ్‌మనే శబ్దం ఒకటి మిగిలింది కానీ పాట మొదలైతే అది వినపడదు. ఇప్పటికీ ఎవరైనా కీబోర్డ్‌కి గిటారు పెడల్ పెట్టి బాగా లేదంటే నేను ముందు అడిగేది వాల్యూమ్ గురించే.

ఇక చుక్కల గొడవ. డబ్బా ఒకటి, మనుషులం ఇద్దరం. ఒక పాటకి ఆయన, ఒక పాటకి నేను. నాకు రేట్ బాగా పెంచి, డెప్త్ పూర్తిగా తిప్పి, శబ్దం అలలు అలలుగా కొట్టుకుంటూ ఉంటేనే పెడల్ పనిచేస్తున్నట్టు అనిపించేది. మా పాడే అమ్మాయి ఒకరోజు సగంలో ఆపేసి, నువ్వు వాయిస్తుంటే నాకు శ్రుతి ఎక్కడుందో దొరకడం లేదు అని ఏడుపు గొంతుతో అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డెప్త్ అంత పెడితే శ్రుతి నిజంగానే ఒకచోట నిలవదు. నేను ఒప్పుకోలేదు. అన్నయ్య ఒక్క మాట అనకుండా వచ్చి రేట్‌ని తొమ్మిది దగ్గరికి దించి, డెప్త్ సగం చేసి, ఇప్పుడు వాయించరా అన్నాడు. వాయించాను. ఏమీ లేదే అన్నాను. పెడల్ ఆపేశాడు. ఆపాక తెలిసింది, గదిలోంచి ఎవరో వెళ్లిపోయినట్టు. ఆన్ చేస్తే తెలియాలని కాదురా, ఆపితే తెలియాలి అన్నాడు. ఆ మాట అప్పుడు నచ్చలేదు. తెల్లారి వైట్నర్ తెచ్చి ఆయన చోట ఒక చుక్క, నా చోట ఒక చుక్క పెట్టాను, ఇక ఎవరి పాటకి వాళ్ల చుక్క అని. నా చుక్క కూడా అప్పటికి రెండు గంటల దగ్గర నుంచి పన్నెండు దాకా దిగొచ్చింది, ఆ అమ్మాయి కోసం.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. ఈ డబ్బాల్లో ఇన్‌పుట్‌లో కేబుల్ గుచ్చితేనే బ్యాటరీ కనెక్ట్ అవుతుంది, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే, కేబుల్ ఉన్నంతసేపూ ఛార్జ్ తాగుతూనే ఉంటుంది. ఒక ప్రోగ్రామ్ ముందు రోజు రాత్రి రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయడం మర్చిపోయాను. మర్నాడు స్టేజి మీద మూడో పాటలో పెడల్ మీద ఎర్ర లైటు మసకబారడం కనిపించింది, గుండె జారిపోయింది. ఆ తర్వాతి పాట ఆయనది, మొత్తం ఆ తీగల శబ్దం మీద నిలబడే పాట. ముందున్న స్క్రూ చేత్తో తిప్పి, కాలు పెట్టే పలక పైకెత్తి, చీకట్లో తొమ్మిది వోల్టుల బ్యాటరీ మార్చాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆయన పియానో శబ్దంతో ఏదో ఒకటి అల్లుతూ నాకు టైమ్ ఇచ్చాడు. నేను తలెత్తి ఊపగానే తీగల్లోకి వెళ్లిపోయాడు. ఆ పాటంత బాగా ఆయన ఎప్పుడూ వాయించలేదని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం. ఆ రోజు నుంచి వాయించడం అవ్వగానే కేబుల్ పీకడం నాకు అలవాటైపోయింది, వేరేవాళ్ల పెడళ్లకి కూడా పీకేస్తాను.

ఒక రికార్డింగ్ గదిలో మొదటిసారి జేసీ-120 చూశాం. రోలండ్ వాళ్ల జాజ్ కోరస్ ఆంప్, 1975లో వచ్చింది, రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక్కోదానికి 60 వాట్లు. దాని కోరస్ సర్క్యూట్‌నే విడిగా పెట్టెలో పెట్టి 1976లో సీఈ-1 అని తెచ్చారు, బాస్ పేరు మీద వచ్చిన మొట్టమొదటి పెడల్ అదే. అన్నయ్య నన్ను కార్డ్ పట్టుకోమని తను మోకాళ్ల మీద కూర్చుని ఒక స్పీకర్‌కి చెవి పెట్టాడు, తర్వాత రెండోదానికి. తర్వాత నన్ను పిలిచి గిటారు తీసుకుని తను వాయించాడు. ఒక స్పీకర్లో గిటారు శుభ్రంగా, ఏ మార్పూ లేకుండా వస్తోంది. రెండోదానిలో శ్రుతి జారుతున్నది ఒక్కటే వస్తోంది. రెండింటిలో దేనిలోనూ కోరస్ లేదు! లేచి మధ్యలో నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడితే అప్పుడు కోరస్ వినిపించింది. రెండు స్పీకర్ల మధ్య గాలిలో తయారవుతోంది అది. నేను తల కొంచెం అటూ ఇటూ కదిపితే శబ్దం మారుతోంది. రికార్డింగ్‌కి బుక్ చేసుకున్న సమయంలో చాలాభాగం మేమిద్దరం ఆ ఆంప్ ముందే గడిపేశాం, మిగతావాళ్లు కోప్పడ్డారు, న్యాయమే.

ఆ తర్వాత ఇలా శబ్దాన్ని ఊపే మిగతా పెడళ్ల కోసం నా వేట మొదలైంది. మొదట ఫేజర్, ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90, 1974 నుంచీ ఉన్నది, నారింజ రంగు డబ్బా, ఒకే ఒక్క నాబ్. ఇందులో బకెట్లు ఉండవు. స్వరంలోని వేర్వేరు పౌనఃపున్యాలను వేర్వేరుగా పక్కకి జరిపే నాలుగు మెట్లుంటాయి, జరిగినదాన్ని అసలుదానితో కలిపితే కొన్నిచోట్ల రెండూ కొట్టేసుకుని గుంటలు పడతాయి, నాలుగు మెట్లకి రెండు గుంటలు. ఆ గుంటలు పైకీ కిందకీ నడుస్తుంటే వచ్చేదే ఆ శబ్దం. మూత తీసి చూస్తే లోపల చిన్న ట్రిమ్మర్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి నాబ్, ఉంది, ఏం చేస్తుందో చూద్దామని తిప్పాను, అంతే, శబ్దంలో కదలికే పోయింది. ఆ ట్రిమ్మర్ లోపలి ఎఫ్ఈటీ అనే ట్రాన్సిస్టర్లకి అందే వోల్టేజ్‌ని సరిచూస్తుందని, అవి ఒక సన్నటి సందులోనే సరిగ్గా కదులుతాయని అప్పుడు నాకు తెలియదు. వెంట్రుకవాసి తిప్పడం, కార్డ్ కొట్టడం, వినడం, మళ్లీ తిప్పడం. ఒక రాత్రంతా పట్టింది. తెల్లవారుజామున అది మళ్లీ ఊపిరి తీసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. అంతకుముందు కంటే ఆ రాత్రి తర్వాతే ఆ పెడల్ నాదయింది.

అన్నయ్యకి మాత్రం ఎలెక్ట్రో-హార్మోనిక్స్ స్మాల్ స్టోన్ ఇష్టం. దానికి కారణం కూడా ఆయన గర్వంగా చెప్పేవాడు. దాన్ని డిజైన్ చేసిన డేవిడ్ కాకెరెల్ అంతకుముందు 1969లో వచ్చిన వీసీఎస్3 సింథసైజర్ని డిజైన్ చేసినవాడు, అంటే అతను మా కీబోర్డ్‌వాళ్ల మనిషే అని అన్నయ్య అనేవాడు. ఫ్రాన్స్‌లో సింథసైజర్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1976 నాటి తన ఆల్బమ్‌లో ఎమినెంట్ 310 ఆర్గాన్ తీగల శబ్దాన్ని ఈ పెడల్‌లోంచే పంపాడు. మొదటి ఫేజర్ పెడళ్లలో ఒకటైన మేస్ట్రో పీఎస్-1 చేసిన టామ్ ఓబర్‌హైమ్ కూడా తర్వాత సింథసైజర్లతోనే పేరు తెచ్చుకున్నాడు. మీ గిటారువాళ్ల డబ్బాలన్నీ మా ఇంట్లోంచి వచ్చినవేరా అని ఆయన వాదన. నేను కాదనలేకపోయేవాణ్ణి. ఒక విషయం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గుంటలు వినపడాలంటే అక్కడ శబ్దం ఉండాలి కదా. మెత్తటి గుండ్రటి స్వరం ఇస్తే ఫేజర్‌కి కొరకడానికి ఏమీ దొరకదు, తీగల గుంపు లాంటి నిండు శబ్దమో డిస్టార్షనో ఇస్తే పండగ చేసుకుంటుంది.

ఫ్లాంజర్ గురించి ఎక్కువ చెప్పను. ఆ పేరు టేపు చక్రం అంచు, ఇంగ్లీషులో ఫ్లాంజ్, నుంచి వచ్చింది, ఒకే పాట ఉన్న రెండు టేపులను కలిపి ఆడిస్తూ ఒకదాని అంచు మీద వేలు ఆనించి నెమ్మది చేస్తే వచ్చే విమానం లాంటి శబ్దం అది. గొప్ప శబ్దమే. కానీ నా చేతిలో అది ఎప్పుడూ తన గురించే మాట్లాడేది, పాట గురించి కాదు. ఏడాది ఉంచుకుని ఇచ్చేశాను.

నేను నిజంగా మనసు పారేసుకున్నది యూనివైబ్ మీద. 1969లో అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ వాడిన పెడల్, జపాన్‌లో ఫుమియో మియెడా డిజైన్ చేసింది. అసలుది మాకెక్కడ దొరుకుతుంది, అదే పద్ధతిలో ఒకరు చేత్తో కట్టినది కొన్నాళ్లు అరువుకి దొరికింది. దాని మధ్యలో ఒక చిన్న బల్బు, చుట్టూ నాలుగు వైపులా కాంతి పడితే నిరోధం మారే నాలుగు సెల్‌లు. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆ వెలుగే స్వరాన్ని నడిపిస్తుంది. మూత తీస్తే గదిలో వెలుతురు సెల్‌ల మీద పడి శబ్దం చెడిపోయింది. లైట్లన్నీ ఆర్పేశాం. ఆ చీకట్లో పెడల్ కడుపులో ఒక ఎర్రటి వెలుగు లేస్తూ తగ్గుతూ ఉంది, నా చేతిలోని కార్డ్ దానితో పాటే లేస్తూ తగ్గుతూ ఉంది. ఆ బల్బు తీగ వేడెక్కడానికీ చల్లారడానికీ తన సొంత టైమ్ తీసుకుంటుంది, అందుకే ఆ ఊపు రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక పక్కకి ఒరిగినట్టు ఉంటుంది. గుండె కొట్టుకోవడం కూడా అలాగే కదా అన్నాడు అన్నయ్య. రేట్ ఎక్కడుందో చూసుకోలేదు ఆ చీకట్లో. లైటు వేశాక చూస్తే దాదాపు తొమ్మిది దగ్గర పెట్టి ఉన్నాను.

అన్నిటికీ పెద్ద దిక్కు లెస్లీ స్పీకర్. డాన్ లెస్లీ 1940ల్లో హామండ్ ఆర్గాన్ కోసం చేసింది, హామండ్ కంపెనీ మొదట్లో దాన్ని దగ్గరికి కూడా రానివ్వలేదు. చెక్క బీరువా, పైన తిరిగే హారన్, కింద బేస్ కోసం తిరిగే డ్రమ్. చిన్నప్పుడు ఫ్యాన్ ముందు నోరు తెరిచి ఆఁ అనని వాళ్లు ఉండరు, అదే సంగతి ఇంకా పెద్ద ఎత్తున. ఒక్కసారే, ఒక్క మధ్యాహ్నమే దాని పక్కన నిలబడ్డాను. అన్నయ్య ఒక కార్డ్ పట్టుకుని నిదానం నుంచి వేగానికి స్విచ్ వేశాడు. తేలికైన హారన్ వెంటనే అందుకుంది, బరువైన డ్రమ్ కొన్ని సెకన్లు వెనకబడి మెల్లగా అందుకుంది, ఆ మధ్య కాలంలో పై శబ్దం ఒక పరుగులో, కింది శబ్దం ఇంకో పరుగులో. హారన్‌కి రెండు నోళ్లు ఉంటాయి కానీ ఒక నోట్లోంచే శబ్దం వస్తుంది, రెండోది బరువు సరితూగడానికి పెట్టిన ఉత్తది, అది చూసి కూడా నా చెవి నమ్మలేదు. ఏ పెడల్ వాయించినా ఇప్పుడు నాకు ఆ కొన్ని సెకన్లే కావాలనిపిస్తుంది.

తర్వాత ఎవరి దారి వాళ్లది. ఆయన కీబోర్డ్ అమ్మేసినప్పుడు ఈ పెడల్ నాకిచ్చి, చుక్కలు చెరపకు అన్నాడు. నేను కంప్యూటర్‌లో వాయిస్తూ చాలా ఏళ్లుగా దీన్ని ముట్టుకోలేదు. కంప్యూటర్‌లో కోరస్ బాగానే ఉంటుంది, దాన్ని తిట్టను.

మొన్న కొత్త బ్యాటరీ వేసి, కేబుల్ గుచ్చి, లైటు వెలగగానే ఆయనకి ఫోన్ చేశాను. నీలం డబ్బా దొరికింది అన్నా అంటే, ఉందా ఇంకా, ఏదీ వాయించు అన్నాడు. ఫోన్ ఆంప్ ముందు కుర్చీలో పెట్టి, ఆయన పోలుస్తాడో లేదో చూద్దామని కావాలనే రేట్‌ని నా చుక్క మీద ఉంచి, ఈ-మైనర్ కొట్టి వదిలాను. తీగ పూర్తిగా ఆగేదాకా అవతల చప్పుడు లేదు.

"అది నీ చుక్కరా. నాది పెట్టు" అన్నాడు.

పెట్టాను. కొట్టాను. ఈసారి కూడా ఆగేదాకా విన్నాడు, నేనూ విన్నాను.

"మళ్లీ కొట్టు" అన్నాడు.